రెండో అంతస్తు రగ్బీ ఆటగాడు

2004 మార్చిలో నేను న్యూజెర్సీలో, జెర్సీ సిటీకి కారులో అరగంట దూరంలో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో మెడికల్ డైరెక్టర్‌గా చేరాను. కాకినాడలో మెడిసిన్ చదివి, 1973లో ఈ దేశం వచ్చి, ముప్ఫయ్యేళ్లు ఆస్పత్రుల్లో పనిచేశాక, ఇక పరుగులు చాలనుకుని ఒప్పుకున్న ఉద్యోగం అది. నూట ఇరవై పడకలు, మూడు అంతస్తులు. రెండో అంతస్తు మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లది. దాని తలుపుకు అంకెల తాళం ఉండేది. మెడికల్ డైరెక్టర్ అంటే ఆ సంస్థలో వైద్యం సవ్యంగా జరుగుతోందని పూచీ పడే మనిషి. దానితోపాటు నలభై మంది రోగులకు సొంత డాక్టర్ని కూడా నేనే. వారానికి మూడు రోజులు వెళ్లేదాన్ని.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి ముందే చెప్పాలి. నర్సింగ్ హోమ్‌లో డాక్టర్ రోజూ రోగిని చూడరు. చేరిన మొదటి తొంభై రోజులు నెలకోసారి, ఆ తర్వాత రెండు నెలలకోసారి చూస్తే నిబంధనకు సరిపోతుంది. మధ్యలో ఏమొచ్చినా నర్సు ఫోన్ చేస్తుంది, మనం ఫోన్‌లోనే మందు చెబుతాం, ఆమె చార్టులో రాసుకుంటుంది. తర్వాత వెళ్లినప్పుడు పసుపు స్టిక్కర్లు అంటించిన చోటల్లా సంతకాలు పెడతాం. ఒక్కో రోజు అరవై డెబ్బై సంతకాలు పెట్టేదాన్ని. ఏది దేనికి పెట్టానో కారెక్కేసరికి గుర్తుండేది కాదు. అందరూ అలాగే చేసేవారు, నేనూ చేశాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సంతకాల్లో కొన్ని వాల్టర్ హెబ్డెన్ అనే ఆయనకు సంబంధించినవి. ఎనభై ఐదేళ్ల మనిషి. భార్య పోయాక ఇంట్లో ఒక్కడూ ఉండలేని స్థితిలో మే నెలలో మా దగ్గర చేరాడు. ఆరడుగుల పైన పొడుగు, మెడ లేనట్టు భుజాల మీదే తల, రెండు చెవులూ నలిగి, గడ్డకట్టి, ఆకారం పోయి ఉండేవి. ఏళ్ల తరబడి దెబ్బలు, రాపిడి తిన్న చెవులే అలా అవుతాయని మెడికల్ కాలేజీలో చదివిన దాన్నే. మల్లయోధులకు, బాక్సర్లకు అలా ఉంటాయి. ఆ చెవులను నేను పరీక్ష లైటు పెట్టి చూశాను, లోపల గుబిలి ఉందని రాశాను. అవి అలా ఎందుకయ్యాయని ఎవరినీ అడగలేదు. చేరినప్పుడు నింపే కాగితంలో 'పూర్వపు వృత్తి' అన్న చోట 'మెషినిస్టు' అని ఉంది. కింద 'జీవిత విశేషాలు' అన్న పేజీ ఖాళీగా ఉంది. ఆ పేజీ నింపాల్సిన సోషల్ వర్కర్ ఆ నెలలోనే ఉద్యోగం మానేసింది, కొత్తావిడ రాలేదు.

గొడవ మొదటి వారంలోనే మొదలైంది. అంత బరువున్న మనిషిని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి మార్చాలంటే ఇద్దరు అటెండెంట్లు చెరో వైపు చేతులు పట్టుకుని లేపాలి. దాన్ని 'ఇద్దరి సాయం' అని చార్టులో రాస్తారు. ఇద్దరూ వచ్చి పట్టుకోగానే హెబ్డెన్ తల వంచి, ఒక భుజం ముందుకు పెట్టి తోసుకుపోయేవాడు. వాళ్లు గట్టిగా పట్టుకునేకొద్దీ అంత గట్టిగా తోసేవాడు. చివరికి ఎలాగో కూర్చోబెడితే మళ్లీ లేచి నిలబడి, చేతికందిన తలగడో దుప్పటో నేల మీద పెట్టి కాలితో వెనక్కి నెట్టేవాడు. నెట్టడానికి ముందు కాలు ఎత్తి చాపినప్పుడు ఎదురుగా ఉన్న మనిషి మోకాలి కింద తగిలేది. ప్రతిసారీ ఒక రిపోర్టు. ఎదురు తిరిగాడు, భుజంతో గుద్దాడు, కాలితో తన్నాడు. అన్నిటికీ కలిపి ఒకటే మాట వాడేవారు: కాంబాటివ్. మీద పడి కొట్టే రకం అని దానర్థం.

ఆ అటెండెంట్లను నేను తప్పుపట్టను. హైతీ నుంచి వచ్చిన మేరీ లూయిస్ అనే ఆవిడ ఆ అంతస్తులో ఉదయం డ్యూటీ చేసేది. యాభై దాటిన మనిషి. పదకొండు మందిని లేపాలి, కడగాలి, తినిపించాలి, అన్నీ ఎనిమిదిన్నరకల్లా అయిపోవాలి. హెబ్డెన్ వల్ల ఆవిడ మణికట్టు బెణికింది, కాలి మీద నల్లగా కమిలిన దెబ్బలు. అయినా ఆయన మీద కోపం ఉండేది కాదు. "ఈయన కళ్లలో కోపం లేదు డాక్టర్, ఏదో పని చేస్తున్నట్టు చేస్తాడు" అని జూన్‌లోనే నాతో అంది. ఎంత పనికొచ్చే మాట! నేను తల ఊపి పక్క గదికి వెళ్లిపోయాను.

నర్సు ఫోన్ చేసినప్పుడల్లా నేను హాలోపెరిడాల్ చెప్పాను. ఉద్రేకం అణచే పాత మందు అది. మొదట పూటకు అర మిల్లీగ్రాము, ఆ తర్వాత ఒక మిల్లీగ్రాము, ఆగస్టుకల్లా రెండు మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు. ఎనభై ఐదేళ్ల శరీరానికి అది ఎంత ఎక్కువో నాకు తెలుసు. కానీ ఫోన్‌లో ఒక్కో మెట్టే ఎక్కుతుంటే మొత్తం ఎంత ఎత్తుకు వచ్చామో కనబడదు. సెప్టెంబరు నాటికి హెబ్డెన్ చక్రాల కుర్చీలో ముందుకు వాలిపోయి, నోటి వెంట చొంగ కారుతూ, చేతులు బిగుసుకుపోయి ఉండేవాడు. అయినా లేపబోతే మిగిలిన కాస్త బలంతో ఆ భుజం ముందుకు వచ్చేది. మందు పనిచేయలేదు, మనిషిని మాత్రం పాడుచేసింది.

మాకు నెలకోసారి ఒక ఫార్మసిస్టు వచ్చి అందరి చార్టులూ తిరగేసి, ఏ మందు తగ్గించాలో డాక్టర్‌కు రాసిపెట్టి వెళ్లాలని నిబంధన. ఆ పని చేసే అతను శ్రీనివాస్, సూర్యాపేట వైపు నుంచి వచ్చినవాడు, నలభై లోపు వయసు. అతను రాసిన కాగితం మీద డాక్టర్ ఒప్పుకుంటున్నానని గానీ, ఒప్పుకోవడం లేదని, ఎందుకో కారణంతో సహా గానీ రాయాలి. కారణం రాసే ఓపిక లేని నాలాంటి వాళ్ల కోసం ఒక రబ్బరు స్టాంపు ఉండేది: 'తగ్గించడం రోగికి క్షేమం కాదు'. హెబ్డెన్ కాగితం మీద నేను వరుసగా మూడు నెలలు ఆ స్టాంపు కొట్టాను. నాలుగో నెల శ్రీనివాస్ నన్ను కార్ పార్కింగ్‌లో పట్టుకున్నాడు.

"మేడమ్, కోపం చేస్కోకండి. మూడు నెలల సంది మీరు ఒకటే స్టాంప్ కొడుతున్నరు. ఇయ్యాల లంచ్ టైమ్‌ల నేను పైనకు పోయి చూసిన. ఆయన నీళ్లు కూడ మింగలేకపోతున్నడు. నీళ్లు లంగ్స్‌లకు పోతే ఏమైతదో మీకు నేను చెప్పాల్నా?"

"ఏం శ్రీనివాస్, ఆయన నలుగురిని కొడుతుంటే నన్నేం చెయ్యమంటావ్? నువ్వొచ్చి ఆపుతావా?" అన్నాను.

"ఎందుకు కొడుతున్నడో ఎవరన్న రాసిన్రా మేడమ్? నేను చార్ట్ మొత్తం చదివిన. ఏం చేసిండో ఉన్నది. అంతకు ముందు ఏమైందో ఒక్క కాడ లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. అతను చెప్పింది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఇంటికి వెళ్లేదాకా అతన్ని తిట్టుకున్నాను, వెళ్లాక నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ వారంలోనే హెబ్డెన్ మీద సమావేశం పెట్టారు. దాన్ని కేర్ కాన్ఫరెన్స్ అంటారు. అడ్మినిస్ట్రేటర్, నర్సింగ్ డైరెక్టర్, నేను. అడ్మినిస్ట్రేటర్ పేరు గ్రెగ్. వైద్యానికి సంబంధించిన వాడు కాదు, అంతకుముందు హోటల్ నడిపినవాడు. హెబ్డెన్‌ను రాష్ట్ర మానసిక వైద్యశాలకు పంపించేద్దామని, ముప్ఫై రోజుల నోటీసు సిద్ధంగా ఉందని చెప్పాడు. ఇతరులకు ప్రమాదం అన్న కారణం మీద రోగిని బయటికి పంపాలంటే డాక్టర్ లిఖితపూర్వకంగా ధ్రువీకరించాలి. ఆ కాగితం నా ముందుకు జరిపాడు. దాని మీద కూడా ఒక పసుపు స్టిక్కర్ ఉంది. ఆ స్టిక్కర్ చూడగానే నాలో ఏదో తెగింది. నేను సంతకం పెడితే ఆ ముసలాయన మిగిలిన రోజులు ఎక్కడో తాళాల వెనక, ఇంకా పెద్ద మోతాదుల్లో గడుస్తాయి. పెట్టనన్నాను. ఈ మనిషి ఎవరో నాకు తెలియదు, తెలిసేదాకా ఆగమన్నాను. ఐదు నెలల తర్వాత తెలియదంటే ఎలా డాక్టర్ అని గ్రెగ్ అడిగాడు. అతని ప్రశ్నలో తప్పేమీ లేదు. రెండు వారాలు గడువు ఇచ్చాడు.

హెబ్డెన్‌కు ఒక్కతే కూతురు, జోన్, ఒహాయోలో టీచరు. ఫోన్ చేసి మీ నాన్నగారు ఏం చేసేవారని అడిగాను. మెషినిస్టు అంది. అంతకుముందు అంటే ఇంగ్లండ్‌లో బొగ్గు గనిలో అంది. ఆ చెవులేమిటమ్మా అని అడిగితే, "అదా, కుర్రతనంలో ఏదో రగ్బీ ఆడేవాడట, ఇక్కడికి వచ్చాక ఎప్పుడూ చెప్పలేదు" అంది. శనివారం విమానంలో వచ్చి ఒక బిస్కెట్ల డబ్బా నా బల్ల మీద పెట్టింది. అందులో అడ్డ గీతల చొక్కాల్లో వరసగా నిలబడ్డ పదమూడు మంది ఫోటో, పసుపు పచ్చబడ్డ పేపరు ముక్కలు, అదే జట్టులో ఆడిన క్లిఫ్ అనే పాత స్నేహితుడు ఏటా పంపే క్రిస్మస్ కార్డులు ఉన్నాయి. కార్డు మీద ఇంగ్లండ్ ఫోన్ నంబరు ఉంది. సోమవారం ఉదయం పదింటికి, అక్కడ మధ్యాహ్నం మూడింటికి, నా గదిలో స్పీకర్ ఫోన్ పెట్టి చేశాం. నేను, జోన్, నర్సింగ్ డైరెక్టర్ ఉన్నాం. మేరీ లూయిస్‌ను కూడా పిలిచాను.

క్లిఫ్‌కు ఎనభై మూడేళ్లు. గొంతు ఖంగుమంటోంది. వాల్టర్ గురించి అడగ్గానే ముప్పావు గంట ఆగకుండా చెప్పాడు. ఆ యాస నాకు సగమే అర్థమైంది. జోన్ నెమ్మదిగా తిప్పి చెప్పింది.

వాల్టర్ పద్నాలుగో ఏట తండ్రి వెంట గనిలోకి దిగాడు. పద్దెనిమిదో ఏట, 1937లో, ఊరి రగ్బీ లీగ్ జట్టులో చేరాడు. రగ్బీలో రెండు రకాలు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. వాల్టర్ పుట్టకముందే ఆ ఆట రెండుగా చీలిపోయింది. శనివారం కూడా పనికి పోవాల్సిన ఉత్తరాది గనివాళ్లు, మిల్లువాళ్లు, ఆటకోసం మానుకున్న పూట కూలి ఇప్పించమని అడిగారు. ఆస్తిపాస్తులున్న దక్షిణాది పెద్దలు, డబ్బు తీసుకుంటే ఆట మైలపడుతుందన్నారు. ఉత్తరాదివాళ్లు విడిపోయి, పదిహేను మందిని పదమూడుగా తగ్గించి, తమ ఆట తాము పెట్టుకున్నారు. అది రగ్బీ లీగ్. అందులో ఒక్కసారి ఆడినవాడికి పాత రగ్బీలో జన్మంతా నిషేధం. వాల్టర్ అన్న పాత రగ్బీ ఆడేవాడు. ఆ క్లబ్బులో అన్న పెళ్లి విందు జరిగితే, తమ్ముణ్ణి గుమ్మం దగ్గరే ఆపేశారట.

వాల్టర్ రెండో వరస ఫార్వర్డ్. అంటే బంతి పట్టుకుని ఎదుటివాళ్ల గోడలోకి దూసుకుపోయి, నాలుగు గజాలు సంపాదించి పడిపోవడం అతని పని. పాయింట్లు సాధించే పేరున్నవాళ్లకు దారి చేసే కూలీ. ఉదయం షిఫ్టు దిగి, బొగ్గు కడుక్కుని, మధ్యాహ్నం ఆటకు వచ్చేవాడు. యుద్ధం వచ్చింది, సైన్యంలో చేరాడు. సైన్యం జట్లకు మంచి ఆటగాళ్లు కావలసివచ్చి నిషేధం ఎత్తేశారు. అప్పుడు అదే వాల్టర్ అదే పెద్దల పక్కన నిలబడి ఆడాడు, వాళ్లు భుజం తట్టారు. యుద్ధం అయిపోగానే నిషేధం మళ్లీ అమల్లోకి వచ్చింది. ఇది విని నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. చావడానికి పనికొచ్చిన మనిషి పెళ్లి భోజనానికి పనికిరాలేదన్నమాట.

యుద్ధం తర్వాత ఇంకో ఆరేళ్లు ఆడాడు. జిల్లా జట్టుకు ఒకసారి ఎంపికయ్యాడు. 1952లో మోకాలు పోయింది. రెండేళ్లకు భార్య అన్నగారు న్యూజెర్సీ రమ్మంటే వచ్చేశాడు. ఇక్కడ ఆ ఆట పేరు విన్నవాడు లేడు. మెషిన్ షాపులో ముప్ఫయ్యేళ్లు పనిచేశాడు. అడిగేవాళ్లు లేని సంగతి ఎవరికి చెబుతాడు?

అప్పుడు నేను క్లిఫ్‌కు మా ఇబ్బంది చెప్పాను. ఇద్దరు పట్టుకుంటే తోసుకుపోతాడని, కూర్చోబెడితే లేచి తలగడ నేలన పెట్టి తంతాడని. అతను ఒకటే ప్రశ్న అడిగాడు: "అతన్ని పట్టుకున్నాక, 'హెల్డ్' అని ఎవరైనా చెప్పారా?"

మాకెవరికీ అర్థం కాలేదు. చిన్నపిల్లలకు చెప్పినట్టు క్లిఫ్ వివరించాడు. బంతి ఉన్నవాణ్ణి ఇద్దరు ముగ్గురు పట్టుకుంటారు. పట్టు పూర్తయిందని రెఫరీ 'హెల్డ్' అని అరిచేదాకా బంతి ఉన్నవాడు ఆగకూడదు, ముందుకు తోసుకుపోతూనే ఉండాలి. ఆగితే జట్టుకు ద్రోహం చేసినట్టు. రెఫరీ అరవగానే పట్టుకున్నవాళ్లు వదిలేయాలి. అతను లేచి నిలబడి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి, తనవాళ్ల వైపు నెట్టాలి. ఎదుటి జట్టువాడు ఒకడు సరిగ్గా ముందు నిలబడి ఆ బంతిని తన కాలితో లాక్కోవాలని చూస్తాడు, అందుకే చురుగ్గా నెట్టాలి. ఆట మళ్లీ మొదలవుతుంది. ఒక్కో ఆటలో ఇది వందసార్లు జరుగుతుంది. వాల్టర్‌కు పదిహేనేళ్లు ఒంట్లో పట్టిన పని అది. "వాడు ఎవరినీ తన్నడం లేదమ్మా, బంతి ఆడుతున్నాడు" అన్నాడు క్లిఫ్.

మన కబడ్డీ చూసి పెరిగిన దాన్ని. పట్టుబడ్డవాడు ఊపిరి ఉన్నంతసేపు గీత వైపు పాకుతాడు, వాణ్ణి పిచ్చివాడని ఎవరూ అనరు. ఐదు నెలలు నా కళ్లముందే ఆ పని జరుగుతుంటే నేను రక్తపోటు చూసి వచ్చేశాను.

మర్నాడు ఉదయం మేరీ లూయిస్, ఇంకో అటెండెంటు హెబ్డెన్‌ను లేపడానికి చెరో చేయి పట్టుకున్నారు. భుజం ముందుకు వచ్చింది. నేను 'హెల్డ్' అన్నాను. ఏమీ కాలేదు. ఆయనకు చెవుడు, నాదేమో కాకినాడ ఇంగ్లిషు, అదీ డాక్టర్ గొంతుతో నెమ్మదిగా. మేరీ లూయిస్ నా వైపు జాలిగా చూసి, అంతస్తు మొత్తం వినబడేలా ఒక్క అరుపు అరిచింది. హెబ్డెన్ ఆగిపోయాడు. బిగిసిన చేతులు వదులయ్యాయి. ఇద్దరూ చేతులు తీసేసి పక్కకు జరిగారు. అంత మందులోనూ ఆయన మంచం అంచు పట్టుకుని తనంతట తనే లేచి నిలబడ్డాడు, తలగడ నేలన పెట్టాడు, మడమతో వెనక్కి నెట్టాడు. ఆ తర్వాత స్నానాల గది వైపు నడిపిస్తే మర్యాదగా నడిచాడు. మేరీ లూయిస్ మంచం మీద కూలబడి ముందు నవ్వింది, తర్వాత బెణికిన మణికట్టు చూసుకుని తన భాషలో ఏదో తిట్టింది. నన్నే అయ్యుంటుంది.

ఆ రోజే ఆర్డర్లు రాశాను. హాలోపెరిడాల్ నాలుగు వారాల్లో మెట్లు మెట్లుగా తగ్గించి ఆపేయాలి. ఇద్దరు ఒకేసారి పట్టుకోకూడదు, ఒకరు పక్కన నడవాలి, తప్పక పట్టుకోవాల్సి వస్తే ఆ మాట గట్టిగా చెప్పి వెంటనే వదలాలి, ముందు ఎవరూ నిలబడకూడదు. నోటీసు కాగితాన్ని గ్రెగ్ ముందే రెండుగా చింపాను. అది చేయాల్సిన పద్ధతి కాదు, తిరస్కరిస్తున్నానని రాసి ఫైల్లో పెట్టాలి. ఆ తర్వాత అలాగే రాసి ఇచ్చాను. శ్రీనివాస్ తర్వాతి నెల వచ్చి చార్టు చూసి, "మస్తు పని చేసిన్రు మేడమ్" అన్నాడు. నేను థాంక్స్ చెప్పాల్సింది. చెప్పకుండా, ఇంకెవరి చార్టు మీద స్టాంపు కొట్టానో జాబితా ఇమ్మన్నాను. తొమ్మిది పేర్లు ఇచ్చాడు.

డిసెంబరుకల్లా హెబ్డెన్ తన చేత్తో తినసాగాడు. మాటలు కొన్ని తిరిగి వచ్చాయి. ఒకసారి నేను గుండె పరీక్ష చేస్తుంటే మేరీ లూయిస్‌ను చూపించి, ఆవిడ మెడ దగ్గర పట్టుకుంటోందని, అది ఫౌల్ అని, రెఫరీ చూడటం లేదని ఫిర్యాదు చేశాడు. చూస్తానని మాటిచ్చాను. మందు తగ్గించడం మొదలుపెట్టాక నాలుగు నెలల్లో ఆయన మీద ఒక్క రిపోర్టు రాలేదు.

2005 ఫిబ్రవరిలో ఆయనకు జ్వరం, ఆయాసం వచ్చి ఆస్పత్రికి పంపారు. న్యుమోనియా. అది నేను వెళ్లని రోజు. మూడో రోజు చూడటానికి ఆస్పత్రికి వెళ్లాను. హెబ్డెన్ రెండు మణికట్లూ గుడ్డ పట్టీలతో మంచం కమ్ములకు కట్టేసి ఉన్నాయి. ఎడమ భుజం పైకి లేచి, పడిపోయి, మళ్లీ లేస్తోంది. పట్టీల కింద చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. ఆ వార్డు రెసిడెంట్ డాక్టర్ మీద నేను విరుచుకుపడ్డాను. ముప్ఫై దాటని అమ్మాయి, కళ్ల కింద నిద్రలేని నలుపు. ఎవరు చెప్పారు కట్టమని, ఈ మనిషి గురించి ఏం తెలుసని, నర్సులంతా తిరిగి చూసేలా అరిచాను. ఆ అమ్మాయి ఎదురు అరవలేదు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. "ఇది మీ దగ్గర్నుంచే వచ్చింది డాక్టర్" అంది.

మా ట్రాన్స్‌ఫర్ కాగితం. రోగితోపాటు పంపేది. జబ్బుల జాబితాలో నాలుగో వరస: మతిమరుపు, కాంబాటివ్ ప్రవర్తనతో. ఆ కాగితాన్ని వార్డు క్లర్కు నెలవారీ ఆర్డర్ల షీటు చూసి నింపుతుంది. ఆ షీటు కంప్యూటర్ నుంచి ప్రతి నెలా అచ్చవుతుంది. అందులో జబ్బు ఒకటి చేర్చాలంటే నర్సు చేర్చవచ్చు. తీసేయాలంటే మాత్రం డాక్టరే దాని మీద గీత కొట్టి సంతకం పెట్టాలి, అప్పుడే వచ్చే నెల అచ్చు కాదు. నేను మందు తీసేశాను. మాట తీయలేదు. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, నాలుగు నెలలు ఆ షీటు కింద పసుపు స్టిక్కర్ పక్కన నా సంతకం ఉంది.

పట్టీలు విప్పించాను. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. హెబ్డెన్ మరో నాలుగు రోజులు బతికాడు. మరణ ధ్రువపత్రంలో న్యుమోనియా అని రాశారు, అది సరైనదే. కట్టేయడం వల్ల ఎంత నష్టం జరిగిందో చెప్పే గడి అందులో లేదు. ఉన్నా, ఏం రాయాలో నాకు తెలియదు. జోన్ ఫోన్ చేసి నాన్న బాధపడ్డాడా అని అడిగింది. రెండున్నర రోజులు కట్టేశారని, ఎవరి కాగితం వల్లనో కూడా చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్లీ ఎప్పుడూ చేయలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని.

ఆ తర్వాత పదేళ్లు, 2015లో రిటైరయ్యేదాకా, అదే పని చేశాను. ఏ నర్సయినా ఫోన్‌లో రోగి తిరగబడుతున్నాడంటే, దానికి ముందు నిమిషంలో అతన్ని ఎవరు, ఎక్కడ, ఎలా ముట్టుకున్నారో చెప్పమనేదాన్ని. చెప్పలేకపోతే మందు చెప్పలేదు, వెళ్లి చూసేదాన్ని. ఒక మందు ఆపిన రోజే, ఏ మాట మీద ఆ మందు మొదలైందో దాని మీద గీత కొట్టి, తేదీ వేసి, సంతకం పెట్టేదాన్ని. దానికి అర నిమిషం పడుతుంది. హెబ్డెన్ విషయంలో నాలుగు నెలల్లో ఆ అర నిమిషం నేను పెట్టలేదు.